కాలిన కొండకు పండుగ: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు వైపు, ఉదయగిరి నుంచి రాపూరు దాకా వెలిగొండల వారన ఉన్న ఊళ్ళకు ఎండాకాలం రాత్రుల్లో ఈ దృశ్యం కొత్త కాదు. చీకట్లో కొండ మీద ఎర్రటి గీత వంకర్లు తిరుగుతూ పైకి పాకుతుంటుంది. తెల్లారేసరికి ఊరంతా బోదగడ్డి కాలిన వాసన. దండేల మీద ఆరేసిన బట్టల నిండా నల్లటి నుసి.

ఊరివాళ్ళే అడవిని కాపాడుకునే వన సంరక్షణ సమితులతో కలిసి, కాలిన కొండలు మళ్ళీ పచ్చబడేలా చేసే పనిలో ఉన్నాను. మంట ఆరాక ప్రతి ఊరూ ఏదో ఒకటి చేయాలని ఆరాటపడుతుంది. బడిపిల్లల ర్యాలీ, మొక్కలు నాటడం, మట్టి ఉండల్లో గింజలు పెట్టి విసిరే విత్తన బంతులు, వనభోజనాలు. ఆ ఆరాటమంటే నాకు గౌరవం. అది తప్పు నెలలో, తప్పు చోట ఖర్చయిపోతుంటే మాత్రం కడుపు తరుక్కుపోతుంది. అందుకే మా ఊళ్ళలో తరచూ వినిపించే మాటలను ఒక్కొక్కటే తీసుకుని రాస్తున్నాను.

అపోహ: కొండ చచ్చిపోయింది. మొత్తం కొత్తగా నాటాల్సిందే.

వాస్తవం: మన కొండల మీద వచ్చేది ఎక్కువగా నేలబారు మంట. గడ్డిని, రాలిన ఆకును, పొదల్ని కాల్చుకుంటూ పోతుంది, కొమ్మల దాకా ఎక్కడం తక్కువ. పైగా ఆకురాల్చే అడవి ఆ నెలల్లో ఎటూ మోడుబారే ఉంటుంది. చచ్చిన చెట్టూ, ఎండకు ఆకు రాల్చిన చెట్టూ దూరానికి ఒకేలా కనిపిస్తాయి.

ఒక మే నెలలో, మంట ఆరిన పది రోజులకు, ఒక గొర్రెల పెద్దాయనతో కొండెక్కాను. నల్లగా మాడిన చండ్ర మోడు చూపించి "ఇది పోయింది పెద్దాయనా" అన్నాను. ఆయన మొలలోంచి చాకు తీసి మోకాలి ఎత్తున బెరడు గీకాడు. లోపల గోధుమరంగు, పొడి. ఇంకాస్త కిందికి గీకాడు, అక్కడా అంతే. కూర్చుని, మొదట్లో బూడిద చేత్తో పక్కకు నెట్టి, చీలమండ ఎత్తున గీకాడు. నల్లటి బెరడు కింద సన్నటి పచ్చటి గీత, వేలికి తడి తగిలింది. "సచ్చిందంటివే నాయనా, ఇదేంది మరి?" అన్నాడు. అప్పటి నుంచి గీకి చూడకుండా ఏ చెట్టునూ లెక్కలోంచి కొట్టెయ్యలేదు.

ఎర్రచందనం బెరడు మొసలి చర్మంలా దళసరిగా పగిలి ఉంటుంది. ఆ బెరడే దానికి కవచం. పైభాగం పోయినా మొదట్లోంచి పిలకలు వేస్తుంది. తునికి వేళ్ళలోంచే లేస్తుంది. మోదుగ కూడా మొండిదే. అందుకే మొదటి ఏడాది వాలు మీద గుంతలు తవ్వి, ఉన్న వేళ్ళు తెంపొద్దంటాను. కావలసింది రెండే: మేకలు పిలకల్ని కొరక్కుండా చూడడం, మరుసటి ఎండాకాలం నిప్పు రాకుండా చూడడం.

మరి మొదటి ఏడాది పండుగ ఏం చెయ్యాలి? మేం చేసేది బతికిన మోళ్ళకు బొట్టు పెట్టడం. అటవీశాఖ బీట్ ఆఫీసర్ అనుమతితో, ఆయన్ని వెంటబెట్టుకుని పిల్లలు పైకి వస్తారు. పెద్దవాళ్ళు గీకి చూస్తారు, పచ్చ కనిపిస్తే పిల్లలు సున్నంతో బొట్టు పెడతారు. అంతా మాడిపోయిందనుకున్న వాలు మీద, సాయంత్రానికి తెల్లచుక్కలు కింద ఊళ్ళోకి కనిపిస్తాయి. ఆ రోజు ఊరి ముఖంలో వచ్చే మార్పు ఏ ర్యాలీతోనూ రాదు. ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కేవాళ్ళను కూడా పిలవండి. భౌగోళిక గుర్తింపు ఉన్న ఆ పనికి నర్ది, బిక్కి లాంటి కొండకర్రే ఆధారం. ఏ మోడు ఎలా చిగురిస్తుందో వాళ్ళకు తెలిసినంతగా మనకు తెలియదు.

అపోహ: జూన్ 5 పర్యావరణ దినం, లేదంటే జులైలో వనమహోత్సవం. మొక్కలు నాటడానికి అవే మంచి రోజులు.

వాస్తవం: నేను అందరికంటే గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే. జూన్ 5 మనకు రోహిణి కార్తెలో పడుతుంది. రోహిణిలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలే అన్నారు. రోలు పగిలే ఎండలో జానెడు మొక్క ఏం తట్టుకుంటుంది? 1950 జులైలో కె.ఎం.మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టారు. నైరుతి వానలు బాగా పడే ప్రాంతాలకు ఆ నెల సరిపోతుంది. నెల్లూరు అలా కాదు. మన ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, ఈశాన్య రుతుపవనాల్లో, వాయుగుండాల్లో కురుస్తుంది.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. మొదట్లో ఒక ఊళ్ళో జూన్ 5న చెరువు కట్ట మీద పెద్ద ఎత్తున నాటించాను. షామియానా వేశాం, ఫొటోలు దిగాం. సంక్రాంతి ముందు వెళ్ళి చూస్తే వేపమొక్క ఒకటి పుల్లలా నిలబడి ఉంది. పట్టుకుని లాగితే చులాగ్గా వచ్చేసింది. వేరు చుట్టూ నర్సరీ నల్లకవరు అలాగే ఉంది. కవరు లోపల వేరు గుండ్రంగా చుట్టలు చుట్టుకుని, బయటికి దారి వెతికి వెతికి ఎండిపోయింది. కవరు కోసి తీయాలని పిల్లలకు చెప్పాల్సింది నేను, చెప్పలేదు. ఆ చుట్ట ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

ఇప్పుడు మా క్రమం వేరు. జూన్ 5న గుంతలు తవ్వుతాం, ఒకటిన్నర అడుగు లోతు. ఎండకు మట్టి గుల్లబారుతుంది. నర్సరీ మొక్కలకు నీడ సరిచూస్తాం. స్వాతి కార్తెలో, నేల జానెడు లోతు తడిశాక నాటుతాం. కార్తీక వనభోజనాల నాడు చుట్టూ కలుపు తీసి, పాదు చేసి, ఆ తర్వాతే ఉసిరిచెట్టు కింద విస్తళ్ళు వేస్తాం. వన పండుగ ఏ నెలలో చేసుకోవాలో మన పంచాంగం ఎప్పుడో చెప్పింది. మనమే వేరే తేదీల వెంట పడ్డాం.

అపోహ: విత్తన బంతులు విసిరితే అడవి దానంతటదే లేస్తుంది.

వాస్తవం: బోడి వాలు మీద ఎండలో విసిరిన బంతుల్లో ఎక్కువ భాగం చీమలకు, ఎలుకలకు, వరదకు పోతుంది. పిల్లలతో చేయించడం మంచిదే, మట్టి పిసికే చేతులకు అడవి దగ్గరవుతుంది. కానీ వానల్లో, రాళ్ళ నీడన, పొదల మొదళ్ళలో పెట్టించండి. ముఖ్యం ఏ గింజ అన్నది. త్వరగా మొలుస్తుందని సుబాబుల్ గింజలు సంచులకొద్దీ తెచ్చేవాళ్ళున్నారు, దయచేసి వద్దు. సర్కారు తుమ్మ, లంటానా మన నేలను ఎంత ఆక్రమించాయో చూస్తూనే ఉన్నాం. పొదలు నరికినా, కాలినా లంటానా ఇంకా దట్టంగా లేస్తుంది, మరుసటి మంటకు అదే మేత. రేల, నేరేడు, కానుగ, ఉసిరి, కుంకుడు చాలు. అవీ ఊరి పోరంబోకులో, చెరువు కట్టల మీద, బడిలో. రిజర్వు అడవిలో ఏం నాటాలన్నా అటవీశాఖను అడగాల్సిందే.

అపోహ: బూడిద ఎరువే కదా. ఏటా కాస్త కాలితే గడ్డి బాగా వస్తుంది.

వాస్తవం: పొటాష్, సున్నం బూడిదలో మిగులుతాయి, నత్రజని మాత్రం చాలావరకు పొగతో పోతుంది. కప్పు లేని వాలు మీద వాయుగుండం వాన పడితే ఆ బూడిద, దాని కింది పైమన్ను రెండూ చెరువులోకే చేరతాయి. ఏటా కాలితే ముదురు గడ్డే మిగులుతుంది, చిన్నమొక్క మూరెడు ఎదిగే లోపే పోతుంది. అందుకే వానల ముందు శ్రమదానం పెడతాం. కాలి పడిన కొమ్మల్ని వాలుకు అడ్డంగా పరుస్తాం, చిన్న వాగుల్లో రాళ్ళకట్టలు కడతాం. ఫొటోకు అంత బాగుండదు గానీ, నాటిన మొక్కలకంటే ఇదే ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం.

అపోహ: వెదుర్లు రాసుకుని, ఎండకు రాళ్ళు వేడెక్కి నిప్పు పుడుతుంది.

వాస్తవం: మన అడవి మంటలు దాదాపు అన్నీ మనుషుల వల్లే. ఆర్పకుండా పారేసిన బీడీ, తేనె తీసేటప్పటి పొగ, లేత గడ్డి కోసం పెట్టిన నిప్పు, పొలం గట్టు మీద కాల్చిన చెత్త, దారిన పోతూ వండుకున్నవాళ్ళ పొయ్యి. అలాగని ప్రతిసారీ గొర్రెల కాపరినే దోషిని చెయ్యడం అన్యాయం. మంటను ముందు చూసేదీ, పచ్చికొమ్మ విరిచి కొట్టేదీ చాలాసార్లు వాళ్ళే.

అపోహ: ఉపగ్రహం చూసి చెబుతుంది, ఫైరింజన్ వచ్చి ఆర్పుతుంది.

వాస్తవం: 2004 నుంచి భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహాల సాయంతో మంటల సమాచారం పంపుతోంది, అది నిజంగా ఉపయోగం. కానీ ఇప్పుడు వాడే మెరుగైన చిత్రాల్లో కూడా ఒక్కో గడి పొడవు, వెడల్పు 375 మీటర్లు, అంటే దాదాపు 35 ఎకరాలు. అందులో నిప్పు ఏ గుట్ట వారన ఉందో చెప్పాల్సింది ఊరే. ఇక ఫైరింజన్‌కు కొండ మీద దారేది? శివరాత్రి లోపు ఫైర్ లైన్లు, అంటే నిప్పు దాటకుండా గడ్డి, ఆకు తీసేసిన ఖాళీ బాటలు, శుభ్రం చేసుకోవడమే అసలు పని.

అపోహ: వనభోజనాల పొయ్యికీ అడవి మంటకూ సంబంధం లేదు.

వాస్తవం: కార్తీకంలో గడ్డి పచ్చిగా ఉంటుంది, ప్రమాదం తక్కువే. కానీ పొయ్యి పూర్తిగా ఆర్పడం చేతికి అలవాటయ్యేది అప్పుడే. శివరాత్రికి ఘటిక సిద్ధేశ్వరం, అవతలి వైపు భైరవకోన, వైశాఖంలో పెంచలకోన. మన కొండ తిరునాళ్ళన్నీ గడ్డి గలగలమనే రోజుల్లోనే. అందుకే వనభోజనాల్లో ప్రతి పొయ్యికీ ఇద్దరు పిల్లల్ని కాపలా పెడతాం. పొయ్యి చుట్టూ నాలుగడుగుల మేర ఆకు ఊడ్చాలి, పక్కన నిండు బిందె ఉండాలి. తిన్నాక నీళ్ళు పోసి, కట్టెతో బూడిద కలియబెట్టి, మళ్ళీ పోసి, రాళ్ళు కదిపి కింద చూడాలి. చివరికి అరచేతి వెనకవైపు బూడిదకు దగ్గరగా పెట్టి చూస్తారు. చెయ్యి వెనక్కి తీసుకోవాల్సి వస్తే ఇంకో బిందె.