చిన్ని అడిగిన ప్రశ్న

చిన్నికీ, బాబీకీ అమ్మమ్మ ఆశీస్సులు.

ఆదివారం ఫోనులోనే జవాబు చెప్పేదాన్ని, ఈలోగా మీ అమ్మ మిమ్మల్ని భోజనానికి పిలిచేసింది. పోయిన ఏడాది పరీక్షలో కాపీ కొట్టి దొరికిన అబ్బాయి ఈసారి క్లాసు లీడరుగా నిలబడ్డాడని, అలా నిలబడనివ్వవచ్చా అని చిన్ని అడిగింది. "జైల్లో ఉన్నవాళ్లే ఎంపీలవుతుంటే వాడికేమిటి అడ్డం?" అని వెనకనుంచి బాబీ కేక. ముప్పై ఒక్క ఏళ్లు కోర్టులో గుమాస్తాగా పనిచేసినదాన్ని, ఆ మాట విని ఊరుకోగలనా?

ముందు బాబీ సంగతి చూద్దాం. వాడు రెండు వేరు వేరు విషయాలను ఒకే సంచిలో వేశాడు. కేసు ఉండటం వేరు, నేరం రుజువై శిక్ష పడటం వేరు. 2024లో కశ్మీరు నాయకుడు ఇంజినీర్ రషీద్ తిహార్ జైల్లో ఉండి, పంజాబు నాయకుడు అమృత్‌పాల్ సింగ్ దిబ్రూగఢ్ జైల్లో ఉండి లోక్‌సభకు గెలిచారు. వాళ్లు అక్కడ ఉన్నది కోర్టు శిక్ష వేసినందుకు కాదు. ఎమర్జెన్సీలో అరెస్టయిన జార్జ్ ఫెర్నాండెజ్ కూడా 1977లో జైలునుంచే ముజఫర్‌పూర్‌లో మూడు లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. కేసు ఉంటే చాలు, పోటీకి వీల్లేదన్న చట్టం ఆనాడు ఉండి ఉంటే ప్రభుత్వం పని ఎంత సులువయ్యేదో ఆలోచించండి. గిట్టనివాడి మీద ఒక కేసు పెడితే సరిపోయేది. అన్నట్టు, మన చట్టంలో ఒక వింత ఉంది. విచారణ ఖైదీ పోటీ చేయవచ్చు కానీ ఓటు వేయలేడు. తన పేరు పక్కనున్న మీట తానే నొక్కుకోలేడన్నమాట!

ఇక శిక్ష పడినవాళ్లు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఎనిమిదో సెక్షన్ ఉంది. ఏ నేరానికైనా రెండేళ్లు, అంతకు మించి జైలుశిక్ష పడితే ఆ రోజునుంచే అనర్హత. శిక్ష పూర్తయి బయటికి వచ్చాక ఇంకో ఆరేళ్లు కూడా అంతే. లంచగొండితనం వంటి కొన్ని నేరాలకు రెండేళ్ల లెక్క కూడా లేదు, జరిమానా పడినా ఆరేళ్లు పోటీకి దూరం. వినడానికి గట్టిగానే ఉంది కదా? కానీ అదే సెక్షన్‌లో ఒక దొడ్డిదారి ఉండేది. అప్పటికే ఎంపీగానో ఎమ్మెల్యేగానో ఉన్నవారు మూడు నెలల్లో అప్పీలు వేస్తే చాలు, అది తేలేదాకా పదవి పదిలం. మన దేశంలో అప్పీళ్లు ఎప్పుడు తేలతాయో మీ అమ్మమ్మను అడగండి. ఎనభై దాటిన లిలీ థామస్ అనే న్యాయవాది సుప్రీంకోర్టుకు వెళ్లి ఆ దారి మూయించారు. 2013 జులై 10న తీర్పు వచ్చింది. కొత్తగా పోటీ చేసేవాడికి ఒక న్యాయం, కుర్చీలో ఉన్నవాడికి ఒక న్యాయం కుదరదన్నారు. ఆ శరదృతువులోనే దాణా కుంభకోణం కేసులో శిక్షపడి బీహార్ నాయకుడు లాలూ ప్రసాద్ లోక్‌సభ సభ్యత్వం పోయింది.

ఆ తీర్పును పక్కనపెట్టడానికి అప్పటి ప్రభుత్వం ఆర్డినెన్స్ సిద్ధం చేస్తే, దాన్ని చించిపారేయాలని సొంత పార్టీ నాయకుడు రాహుల్ గాంధీయే అన్నారు. ఆర్డినెన్స్ వెనక్కి పోయింది. పదేళ్లు తిరక్కుండానే, 2023 మార్చిలో, పరువునష్టం కేసులో సూరత్ కోర్టు ఆయనకు సరిగ్గా రెండేళ్ల శిక్ష వేసింది, మర్నాడే సభ్యత్వం పోయింది. ఆగస్టులో సుప్రీంకోర్టు స్టే ఇస్తూ ఏమందో తెలుసా? ఆ నేరానికి గరిష్ఠ శిక్ష ఎందుకు వేశారో కింది కోర్టు కారణం చెప్పలేదని, ఒక్కరోజు తగ్గినా పదవి పోయేది కాదని. ఒక్క రోజు! మీ లెక్కల టీచరు దగ్గర ఒక్క మార్కు తక్కువై ఫెయిలైనవాడు కూడా ఇంత బాధపడి ఉండడు.

సమాజ్‌వాదీ నాయకుడు ఆజం ఖాన్‌కు ఆ అదృష్టం లేకపోయింది. విద్వేష ప్రసంగం కేసులో 2022 అక్టోబరులో మూడేళ్ల శిక్ష, మర్నాడు రాంపూర్ సీటు ఖాళీ, డిసెంబరులో ఉప ఎన్నిక, సీటు ఇంకొకరిపాలు. మరుసటి మే నెలలో పై కోర్టు ఆయనను ఆ కేసులో నిర్దోషి అంది. ఆయన మీద ఇంకా చాలా కేసులున్నాయి, నాకేమీ అభిమానం లేదు. కానీ పోయిన సీటును ఏ కోర్టూ తెచ్చి ఇవ్వలేదు కదా.

అందుకే జీవితకాలం నిషేధించాలి అనేవాళ్లతో నేను పూర్తిగా కలవలేను. గుమాస్తాకు నేరం రుజువైతే ఉద్యోగం ఊడుతుంది, మంత్రిగారికి ఆరేళ్లేనా అని మా సహోద్యోగులు మండిపడేవారు. మాట సబబే. అంతెందుకు, మూడో బిడ్డ పుట్టినందుకు మన పల్లెల్లో ఎందరినో సర్పంచి పదవికి నిలబడనివ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ నిబంధనను 2024లోగానీ తీసేయలేదు. ముగ్గురు పిల్లల తండ్రి సర్పంచికి పనికిరాడు, పది కేసుల ముద్దాయి పార్లమెంటుకు పనికొస్తాడు! అయినా 1908లో స్వరాజ్య పత్రికలో రాసిన రాతకు స్వాతంత్ర్య సమరయోధులు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారికి బ్రిటిష్‌వాళ్ల కోర్టులో మూడేళ్ల శిక్ష పడింది. ఈ ఎనిమిదో సెక్షన్ లెక్కన ఆయన కూడా అనర్హుడే. తీర్పు చెప్పేది ఎవరి కోర్టు, ఏ చట్టం కింద అన్నది కూడా చూడాలి. ప్రజల సొమ్ము తిన్నవాడికి మాత్రం ఆరేళ్లు తక్కువేనని నా మనసుకు తోస్తుంది. జీవితకాల నిషేధం పార్లమెంటు తేల్చవలసిన విషయమని 2025లో కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది. తేల్చేది ఎవరో చూశారుగా, వాళ్లే.

నన్ను అసలు బాధపెట్టేది ఆరేళ్లా, అరవై ఏళ్లా అన్నది కాదు. శిక్ష పడితే కదా ఈ లెక్కలన్నీ! మా కోర్టుకు ఒక సాక్షి వచ్చేది, ముసలావిడ, టిఫిను డబ్బాలో పెరుగన్నం కట్టుకుని రెండు బస్సులు మారి. ముద్దాయి ఊళ్లో పెద్దమనిషి. ఒక వాయిదాకు ఆయనకు జ్వరం, ఒక వాయిదాకు వకీలు గారింట్లో పెళ్లి. ఆవిడ మెట్లమీద కూర్చుని అన్నం తిని వెళ్లిపోయేది. తరువాత రావడం మానేసింది. సాక్షి లేదు కాబట్టి నేరం లేదు. అలాంటివాడు నామినేషన్ వేస్తే రిటర్నింగ్ అధికారి ఏ సెక్షన్ చూపించి ఆపుతాడు? ప్రజాప్రతినిధుల కేసులు అభియోగాలు నమోదైన ఏడాదిలోగా ముగించాలని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. విజయవాడలో, హైదరాబాదులో ప్రత్యేక కోర్టులు కూడా పెట్టారు. అయినా 2024లో గెలిచిన 543 మంది లోక్‌సభ సభ్యుల్లో 251 మంది తమ మీద క్రిమినల్ కేసులున్నాయని తామే రాసి ఇచ్చారని, అభ్యర్థుల వివరాలు పరిశీలించే ఏడీఆర్ అనే సంస్థ లెక్కగట్టింది.

ఇప్పుడు మీ క్లాసు అబ్బాయి. చిన్నీ, వాడు కాపీ కొట్టాడని టీచరు తేల్చారా, లేక పక్కబెంచీ వాడు చెప్పాడా? తేల్చి శిక్ష వేసి ఉంటే ఆ శిక్ష అయిపోయిందా? అయిపోతే నిలబడనివ్వు. ఓటు వేయాలా వద్దా అన్నది నీ ఇష్టం, నేనైతే వాడు ఆ సంగతి గురించి క్లాసులో ఏం చెప్పుకుంటాడో విని నిర్ణయించుకుంటాను.

బాబీ, నీకొక పని. మన నియోజకవర్గంలో పోయినసారి పోటీచేసిన వాళ్ల అఫిడవిట్లు, అంటే తమ కేసుల సంగతి ప్రమాణం చేసి రాసిచ్చిన పత్రాలు, ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉంటాయి. సంక్రాంతికి వచ్చేటప్పుడు కాగితం మీద తీయించుకుని రా. కొంచెం పెద్ద అక్షరాల్లో, ఎడమకంటికి ఇంకా ఆపరేషన్ కాలేదు.

మీ
అమ్మమ్మ