వేరా, ఫలమా: విధేయత మీద పదహారు వందల ఏళ్ల వాదన

ఆదివారం ఆరాధనలో ‘‘మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు’’ అని ఎఫెసీ పత్రిక నుంచి ప్రసంగం. శుక్రవారం ఉపవాస కూడికకు వెళ్తే ‘‘పరిశుద్ధత లేకుండ ఎవడును ప్రభువును చూడడు’’ అని హెబ్రీ పత్రిక నుంచి హెచ్చరిక. మొదటిది విన్నప్పుడు గుండె తేలికపడుతుంది. రెండోది విన్నాక టెన్షన్ మొదలవుతుంది. నా రక్షణ ఖాయమేనా? నిన్న ఇంట్లో అరిచిన అరుపులకు అది పోయిందా? రక్షణ పొందినవాడి జీవితంలో విధేయత స్థానం ఏమిటి? అది రక్షణ అనే చెట్టుకు వేరా, ఆ చెట్టు కాసే ఫలమా?

పౌలుకు ఇవి రెండు వేర్వేరు సంగతులు కావు. ‘‘భయముతోను వణకుతోను మీ సొంత రక్షణను కొనసాగించుకొనుడి’’ అని ఫిలిప్పీయులకు రాసి, ఆ వెంటనే, మీలో ఆ పని జరిగిస్తున్నవాడు దేవుడే అన్నాడు. విడదీసింది తర్వాతి తరాలు. ఆ చరిత్ర తిరగేస్తే నాకు పదే పదే కనబడేది ఒకటుంది. ఈ వాదనను సిద్ధాంతం మీద మోజుతో మొదలుపెట్టినవాళ్లు తక్కువ. విశ్వాసుల నడత చూసి మండిపోయి ఒకరు, విశ్వాసుల భయం చూసి తట్టుకోలేక ఇంకొకరు నోరు విప్పారు.

మొదట మండిపోయినవాడు పెలాజియస్. బ్రిటన్ నుంచి వచ్చి నాలుగో శతాబ్దం చివర్లో రోములో బోధించిన సన్యాసి. అప్పటికి క్రైస్తవ్యం రాజమతమైంది. పేరుకు చేరిన జనం ఎక్కువ, మారిన జీవితాలు తక్కువ. అలాంటి రోజుల్లో ఒక బిషప్పు ఆయన ఎదుట ఆఫ్రికాలోని హిప్పో బిషప్పు అగస్టీన్ రాసుకున్న ప్రార్థన ఒకటి చదివాడు. నువ్వు ఆజ్ఞాపించినదాన్ని చేసే శక్తి నువ్వే ఇయ్యి, తర్వాత నీకిష్టమైనది ఆజ్ఞాపించు అని దాని సారం. పెలాజియస్ ఆ మాట భరించలేకపోయాడు. శక్తి దేవుడే ఇవ్వాలని కూర్చుంటే సోమరులకు ఇంతకన్నా మంచి సాకు దొరుకుతుందా? చెయ్యలేనిది దేవుడు ఆజ్ఞాపించడు, కాబట్టి మనిషి తలుచుకుంటే చెయ్యగలడు అన్నది ఆయన వాదం. ఆయన కోపం న్యాయమైనదే. ఆయన చూపిన మందు మాత్రం తన బలహీనత తెలిసిన విశ్వాసిని నట్టేట వదిలేస్తుంది. 418లో కార్తేజిలో కూడిన ఆఫ్రికా బిషప్పులు ఆ బోధను తోసిపుచ్చారు. విధేయత కూడా కృప ఇచ్చే వరమేనన్న అగస్టీన్ మాట పశ్చిమ సంఘంలో నిలబడింది.

పదకొండు వందల ఏళ్ల తర్వాత, జర్మనీలో ప్రొటెస్టెంట్ సంస్కరణకు నాంది పలికిన లూథర్‌కు ఎదురైన చిక్కు దీనికి తలకిందులు. విశ్వాసం వల్లే నీతిమంతులుగా తీర్చబడతాం, అంటే దేవుడు మనల్ని నిర్దోషులుగా ఎంచుతాడు, అన్న బోధ జర్మనీలో ఊరూరా పాకింది. 1528లో ఆయన సాక్సనీ పల్లెల సంఘాలను చూడ్డానికి వెళ్లాడు. చాలామందికి పరలోక ప్రార్థన రాదు, పది ఆజ్ఞలు రావు. సువార్తతో వచ్చిన స్వేచ్ఛను మాత్రం దుర్వినియోగం చేయడంలో ఆరితేరారని ఆయన వాపోయాడు. ఆ బాధలోంచే 1529లో చిన్న ప్రశ్నోత్తరి, అంటే ప్రశ్నలు జవాబులతో విశ్వాసం నేర్పే పుస్తకం, వచ్చింది. కృపను గురించి అంతగా పోరాడిన మనిషి దాన్ని కృపతో మొదలుపెట్టలేదు, పది ఆజ్ఞలతో మొదలుపెట్టాడు.

దెబ్బ తగిలింది సొంత మనుషుల నుంచే. జోహాన్ అగ్రికోలా ఆయన శిష్యుడు, స్నేహితుడు. పది ఆజ్ఞల చోటు న్యాయస్థానం, ప్రసంగ వేదిక కాదన్నాడు అగ్రికోలా. సువార్త వింటే చాలు, పశ్చాత్తాపం దానంతటదే వస్తుందని ఆయన నమ్మకం. 1537 నుంచి లూథర్ ఆయనకు వ్యతిరేకంగా బహిరంగ వాదనలు నడిపాడు. 1540లో అగ్రికోలా బెర్లిన్ వెళ్లిపోయాడు. లూథర్ పోయాక గొడవ ఇంకా ముదిరింది. రక్షణకు సత్క్రియలు అవసరం అని గెయోర్గ్ మేయర్ అంటే, అవసరం మాట అటుంచి అవి రక్షణకు హానికరం అని నికోలస్ ఆమ్స్‌డార్ఫ్ ఎదురు తిరిగాడు. పంతం పెరిగితే దైవజనుల నోట కూడా ఎలాంటి మాట వస్తుందో చూడండి. 1577 నాటి లూథరన్ ఒప్పందం ఇద్దరి మాటనూ పక్కన పెట్టింది: సత్క్రియలు విశ్వాసానికి తప్పక కాసే ఫలాలు, రక్షణ కొనే వెల కాదు. ఈలోగా 1547లో రోమన్ కాథలిక్కులు ట్రెంట్‌లో కూడిన బిషప్పుల సభలో తమ మాట చెప్పారు. నీతిమంతుడిగా తీర్చబడడమంటే పాపక్షమాపణతో పాటు లోపలి మనిషి పరిశుద్ధపరచబడడం కూడా అన్నారు. ప్రొటెస్టెంట్లు ఆ రెండింటినీ వేరు చేసి చూపారు. 1647 నాటి వెస్ట్‌మినిస్టర్ ప్రశ్నోత్తరి లెక్కలో నీతిమంతుడిగా తీర్చబడడం దేవుడు ఒక్కసారి ఇచ్చే తీర్పు, పరిశుద్ధపరచబడడం బతుకంతా సాగే పని.

కాగితం మీద ఇది చక్కగానే ఉంది. కానీ ఆ తీర్పు నాకు దక్కిందని నాకెలా తెలుస్తుంది? మసాచుసెట్స్‌లోని ప్యూరిటన్ (ఇంగ్లండు నుంచి వలస వచ్చిన కఠిన నియమాల ప్రొటెస్టెంట్) పాస్టర్లు చెప్పిన జవాబు: నీ జీవితంలో పరిశుద్ధత పెరుగుతోందా చూసుకో, అదే సాక్ష్యం. జనం రోజూ తమ మనసును తామే తవ్వుకుని సోదా చేసుకోవడం మొదలుపెట్టారు. బోస్టన్‌లో ఆన్ హచిన్సన్ అనే మంత్రసాని దీన్ని ఒప్పుకోలేదు. కాన్పులకు వెళ్లిన చోటల్లా ఈ భయంతో నలిగిపోతున్న ఆడవాళ్లు ఆమెకు కనబడేవారు. ఇంట్లో కూడికలు పెట్టి, మంచి నడత కపటికి కూడా ఉండొచ్చు, అది రక్షణకు రుజువు కాదు, ఆత్మ ఇచ్చే సాక్ష్యమే రుజువు అని చెప్పింది. జాన్ కాటన్ లాంటి ఒకరిద్దరు తప్ప మిగతా బోధకులు క్రియల నిబంధననే, అంటే మంచి పనులతో రక్షణ సంపాదించుకోవాలనే, బోధిస్తున్నారంది. 1637 నవంబరులో గవర్నర్ జాన్ విన్‌త్రాప్ ఎదుట విచారణ. మొదటి రోజు వాక్యానికి వాక్యం అప్పగించి అందరినీ నిలబెట్టేసింది. రెండో రోజు, దేవుడు తనతో నేరుగా మాట్లాడాడని అంది. వాళ్లకు కావలసింది అదే. వెలివేశారు. విధేయతను రక్షణకు రుజువుగా పెట్టినప్పుడు పాస్టర్ చేతిలోకి, అక్కడి నుంచి ప్రభుత్వం చేతిలోకి ఎంత అధికారం వెళ్తుందో ఆ విచారణ చూపిస్తుంది.

ఈ చరిత్రలో నాకు బాగా నచ్చే ఘట్టం 1741 సెప్టెంబరు 3న లండన్‌లో గ్రేస్ ఇన్ తోటలో జరిగింది. జర్మనీలోని మొరావియన్ అనే భక్తి సంఘాల నాయకుడు జిన్‌జెన్‌డార్ఫ్, మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ అక్కడ నడుస్తూ వాదించుకున్నారు. ఒకరిది జర్మన్, ఒకరిది ఇంగ్లీషు, అందుకని లాటిన్‌లో. విశ్వాసిలో తనదంటూ ఏ పరిపూర్ణతా లేదు, క్రీస్తే మన పరిపూర్ణత, నీతిమంతుడిగా తీర్చబడిన క్షణంలోనే సంపూర్ణంగా పరిశుద్ధుడవుతాడు, ఇక పెరిగేది లేదు అన్నాడు జిన్‌జెన్‌డార్ఫ్. వెస్లీ అడిగింది ఇంతే: మరి దేవుణ్ణి ప్రేమించడంలో విశ్వాసి రోజురోజుకీ పెరగడా? ప్రేమ పెరిగితే పరిశుద్ధత పెరిగినట్టు కాదా? ఎవరూ తగ్గలేదు.

వెస్లీ గొప్పతనం ఆ వాదనకన్నా ఆయన పెట్టిన ఏర్పాట్లలో ఉంది. పరిశుద్ధత పెరగాలంటే ఎవరో ఒకరు అడగాలి. ఆయన చిన్న బృందాల్లో ప్రతివారం వేసే మొదటి ప్రశ్న: గత కూడిక తర్వాత తెలిసి తెలిసి ఏ పాపం చేశావు? పన్నెండు మంది దాకా ఉండే క్లాసులు ఉండేవి. మూడు నెలలకోసారి టిక్కెట్టు ఇచ్చేవారు. నడత సరిగా లేనివాడికి టిక్కెట్టు ఆగిపోయేది. ఈ జీవితంలోనే దేవుడు మనిషిని సంపూర్ణ ప్రేమలోకి తేగలడన్న ఆయన బోధ 19వ శతాబ్దంలో అమెరికాలో పరిశుద్ధతా ఉద్యమమైంది. మెల్లగా సాగే పెరుగుదల కాస్తా మారుమనసు తర్వాత ఒక్కసారిగా కలిగే రెండో అనుభవమైంది: ఒక రాత్రి బలిపీఠం ముందు నిన్ను నువ్వు అప్పగించుకుంటే సరి. 1875లో ఇంగ్లండులోని కెజిక్‌లో మొదలైన కూడికలు దాన్నే ఇంకాస్త మెత్తగా చెప్పాయి: నీ ప్రయాస మానుకో, అప్పగించుకో, విజయం ప్రభువే ఇస్తాడు. లివర్‌పూల్ బిషప్పు కాబోతున్న జె.సి. రైల్ 1877లో గట్టిగా అడ్డుపడ్డాడు. కొత్త నిబంధన పందెం, పోరాటం, కుస్తీ అంటుంటే మీరు విశ్రాంతి అంటారేమిటని ఆయన ప్రశ్న. రైల్ వైపే నా మొగ్గు.

తెలుగు నేలకు ఈ బోధలన్నీ ఒక్క ఓడలో రాలేదు. జర్మనీలోని హాలే పట్టణం వ్యక్తిగత భక్తికి, నడతకు పెద్దపీట వేసిన పియటిస్టులకు కేంద్రం. మద్రాసులో పనిచేసిన అక్కడి మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగు ప్రశ్నోత్తరిని 1746లో హాలేలోనే అచ్చు వేయించాడు. 1842లో అమెరికన్ మిషనరీ హేయర్ గుంటూరుకు లూథరన్ బోధ తెచ్చాడు. మెదక్ వైపు వచ్చినవారు వెస్లీ వారసులు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డప్పుడు వాళ్లూ ఆంగ్లికన్లూ ఒకే గూటికి చేరారు.

ఒంగోలు బాప్టిస్టులకు ఈ ప్రశ్న సిద్ధాంతంగా కాదు, కరువుగా ఎదురైంది. మాదిగపల్లెల్లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బోధ విని వచ్చినవారికి మూడు షరతులు ఉండేవి: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చెప్పడానికి చిన్నవే. ఊరికి వెట్టి చేస్తూ, చచ్చిన పశువును కూలిగా తీసుకుంటూ, గ్రామదేవత జాతరలో డప్పు కొట్టే మనిషికి ఆ మూడింటితో ఊళ్లో బతుకే తలకిందులు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని కాంట్రాక్టుగా తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కూలి కోసం వస్తున్నారేమోనన్న అనుమానంతో అన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం ఆగాక కూడా జనం వదల్లేదు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

బాపట్ల దగ్గర స్టువర్టుపురం కథ వేరు. నేరస్థ జాతుల చట్టం కింద ముద్ర పడిన ఎరుకల కుటుంబాలను అక్కడ ఉంచి, సెటిల్‌మెంటు నిర్వహణ సైన్యం పద్ధతిలో నడిచే క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. సంపూర్ణ పరిశుద్ధత ప్రతి విశ్వాసి హక్కు అని సిద్ధాంతంగా ప్రకటించిన సంస్థ అది. అక్కడ విధేయత అంటే హాజరు పట్టీలో పేరు కూడా. పరిశుద్ధతను ఆత్మ పనిగా బోధించే చేతులే పోలీసు చట్టాన్ని అమలు చేయడం మన క్రైస్తవ చరిత్రలో ఇంకా సరిగా మాట్లాడుకోని సంగతి.

తర్వాత పెంతెకొస్తు ఉజ్జీవాలు వచ్చాయి. కొన్ని సంఘాల్లో నగలు తీసేయడం, తెల్లబట్టలు కట్టడం పరిశుద్ధతకు గుర్తయ్యాయి. ఖరీదైన బట్టలూ బంగారమూ వద్దని వెస్లీ 1760లోనే తన వాళ్లకు రాశాడు కాబట్టి ఇది మనవాళ్లు పుట్టించినదేమీ కాదు. 1988లో అమెరికాలో జాన్ మెకార్థర్, క్రీస్తును ప్రభువుగా ఒప్పుకోకుండా రక్షకుడిగా మాత్రమే స్వీకరించడం కుదరదని రాశాడు. మరుసటి ఏడే జేన్ హాడ్జెస్, అలాగైతే అది ఉచిత రక్షణ ఎలా అవుతుందని పుస్తకంతోనే జవాబిచ్చాడు. ఇప్పుడు తెలుగు యూట్యూబ్ ప్రసంగాల కింద నడిచే కొట్లాటల్లో చాలావరకు ఈ రెండు పక్షాల మాటలే తిరుగుతుంటాయి. పెద్దల మధ్య మాత్రం కొంత దూరం తగ్గింది. 1999లో ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లు, కాథలిక్కులు నీతిమంతులుగా తీర్చబడడం గురించిన ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టారు. 2006లో సియోల్‌లో మెథడిస్టులు తమ పరిశుద్ధతా బోధను ప్రస్తావిస్తూ దానితో చేతులు కలిపారు.

పల్లె సంఘంలో మాత్రం ప్రశ్న ఇంకా నలుగుతూనే ఉంది. రోజూ తాగేవాడు ఒకడు కన్నీళ్లతో వచ్చి బాప్తిస్మం అడుగుతాడు. ఒక పాస్టర్ గారు ముందు ఆరు నెలలు మానేసి చూపించు అంటారు. పక్క ఊరి పాస్టర్ గారు వచ్చే ఆదివారమే నీళ్లలోకి దింపి, మానడానికి బలం ప్రభువే ఇస్తాడంటారు. మొదటాయన దగ్గర ఆరు నెలలు ఆగలేక వెళ్లిపోయినవాళ్లున్నారు. రెండో ఆయన దగ్గర మునిగి లేచి మళ్లీ సారా కొట్టు దారి పట్టినవాళ్లున్నారు.