గరిజె అంచు, 28వ రోజు

దేవరకొండ దగ్గరి ఊరి నుంచి నా పాత విద్యార్థిని ఒకామె ఫోన్ చేసింది. పెళ్లయి నాలుగు నెలలు. పిల్లల కోసం చూస్తున్నామంటే డాక్టరమ్మ ఫోలిక్ యాసిడ్ గోలీలు రాసిందట. వాళ్ల అత్తమ్మ మాత్రం "కడుపే పడలె, గోలీలెందుకే? నెల తప్పినంక ఏఎన్ఎం ఇస్తది గదా" అన్నదట. "అది కూడా కరెక్టే కదా సార్?"

షుగరు, థైరాయిడు, రక్తం పరీక్షల సంగతి డాక్టరమ్మే చూసుకుంటుంది. నేను గోలీ సంగతే చెబుతాను. దానికి సంక్రాంతి గరిజెలు (కజ్జికాయలు) గుర్తు చేసుకోవాలి.

పిండం మూడో వారంలో ఒక పలచని పొర. దాని నడుమ గాడి పడుతుంది, రెండు అంచులూ పైకి లేస్తాయి, ఒకదానివైపు ఒకటి వంగి అతుక్కుంటాయి. అలా ఏర్పడిన గొట్టమే రేపటి మెదడు, వెన్నుపాము. మా అమ్మ గరిజెను నడుమ నొక్కి, అక్కణ్ణుంచి రెండు కొసలకూ వేలు జరుపుతూ పోయేది. ఇక్కడా దాదాపు అంతే. అండం ఫలదీకరణం చెందిన రోజు నుంచి లెక్కిస్తే సుమారు 22వ రోజున మెడ దగ్గర మొదలై అతుకు రెండువైపులా సాగుతుంది. తల వైపు కొస 25వ రోజుకు, కింది కొస 28వ రోజుకు మూసుకుంటాయి. అప్పటికి పిండం నువ్వుగింజంత. నూనెలో గరిజె విడేది కూడా ఎక్కువగా కొసల దగ్గరే. పిండంలో కింది కొస మూసుకోకపోతే వెన్నెముక తెరుచుకున్న బిడ్డ పుడుతుంది. పై కొస మూసుకోకపోతే మెదడు సరిగా ఏర్పడదు, బిడ్డ బతకదు.

ఒక్క తేడా ఉంది. అమ్మ పిండి ముందే కలిపి పెట్టుకునేది. ఇక్కడ మడుస్తుండగానే పిండి పెరగాలి, అంటే కణాలు ఒకటి రెండుగా గబగబా విడిపోతూ ఉండాలి. విడిపోయిన ప్రతిసారీ డీఎన్‌ఏకు కొత్త నకలు కావాలి. డీఎన్‌ఏ అక్షరాల్లో ఒకటి థైమిన్. దానికి దగ్గరి చుట్టమైన యురాసిల్‌కు ఒక్క కార్బన్ తగిలిస్తే థైమిన్ అవుతుంది. ఆ కార్బన్‌ను మోసుకొచ్చి ఇచ్చేది ఫోలేట్. గోలీలోని ఫోలిక్ యాసిడ్ దాని కృత్రిమ రూపమే. ఫోలేట్ కరువైతే థైమిన్ ఉండాల్సిన చోట యురాసిల్ దూరుతుంది. దాన్ని కత్తిరించబోయి కణం తన డీఎన్‌ఏనే తెంపుకుంటుంది. విభజన మందగిస్తుంది. పిండి చాలని గరిజెను ఎంత లాగినా అంచులు కలవవు.

ఈ ఫోలిక్ యాసిడ్‌ను 1940లలో అమెరికాలోని లెడర్లీ సంస్థలో కృత్రిమంగా తయారు చేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పాను, ఆ పేరు చెప్పి ఎవరని అడిగితే క్లాసులో ఒక్క చెయ్యీ లేవలేదు.

ఇక అత్తమ్మగారి లెక్క. అండం ఫలదీకరణం చెందాక రెండు వారాలకు గాని నెల తప్పినట్టు తెలియదు. టెన్షన్ పడడమో, ఎండకు తిరగడమో కారణం అనుకుని ఇంకో పది రోజులు ఆగుతారు. అప్పటికి 24వ రోజు. మర్నాడు పరీక్ష, సోమవారం ఆస్పత్రి, లైను. ఏఎన్ఎం చేతి గోలీ నోట్లో పడేసరికి కొసలు మూసుకున్నాయో లేదో తేలిపోయి ఉంటుంది. గర్భిణులకిచ్చే ఎర్ర ఐరన్ గోలీలోనూ ఫోలిక్ యాసిడ్ ఉంటుంది, కానీ అది మొదలయ్యేది నాలుగో నెలలో. రక్తానికి మంచిదే, ఈ అతుకుకు మాత్రం ఆలస్యం. గ్రహణం పూట ఏడో నెల కోడలిని కదలకుండా పడుకోబెట్టే ఇళ్లు మా వైపు ఇంకా ఉన్నాయి. అప్పటికి ఆ గొట్టం మూసుకుని నాలుగు నెలలు దాటింది!

అందుకే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, గర్భం రాకముందు కనీసం ఒక నెల నుంచి, వచ్చాక మూడు నెలల దాకా. పుంటికూర, పాలకూర, శనగలు, పెసలు తినాల్సిందే, కానీ కూర ఉడికించి నీళ్లు పారబోస్తే ఫోలేట్ చాలావరకు ఆ నీళ్లతోనే పోతుంది. కూరల మీదే ఆధారపడితే చాలదు.

ముందొకసారి ఈ గొట్టం మూసుకోని బిడ్డ పుట్టిన తల్లుల మీద బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ చేసిన పరీక్ష 1991లో వెలువడింది. రోజుకు 4 మిల్లీగ్రాములు ముందు నుంచే ఇస్తే, మళ్లీ అలా జరగడం 72 శాతం తగ్గింది. అలాంటి తల్లులకు, ఫిట్స్ మందులు వాడేవాళ్లకు, షుగరు ఉన్నవాళ్లకు పెద్ద మోతాదు కావాలి. అది డాక్టరు రాయాల్సిందే. మల్టీవిటమిన్ గోలీలు పది మింగి సరిపెట్టుకోవద్దు. వాటిలో విటమిన్ ఎ కూడా ఉంటుంది, అది మోతాదు మించితే బిడ్డకే చేటు.