పిడుదులన్నీ ఒకటి కావు

మారతహళ్లిలో మా పక్క ఫ్లాట్ అనంతపురం అక్క మొన్న తన కుక్క బుజ్జి రక్తపరీక్ష కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చింది. "ఏమప్పా, దీంట్లో లైమ్ అని ఉందే. ఫోన్లో చూస్తే మనుషులకూ వస్తాదంట. పిల్లోల్ని దీని దగ్గరికి పోనీయొచ్చునా?"

కాగితంలో నాలుగు జబ్బుల పేర్లున్నాయి: గుండె పురుగు, ఎర్లీకియా, అనాప్లాస్మా, లైమ్. లైమ్ ఎదురుగా నెగెటివ్ అనే ఉంది. పాజిటివ్ వచ్చింది ఎర్లీకియాకి. ఆ పేరు అక్క ఎన్నడూ వినలేదు. అందుకే చూపు దాన్ని దాటి, ఎక్కడో విన్న పేరు దగ్గర ఆగిపోయింది. బెంగళూరులో కుక్కల్ని పెంచే మనవాళ్ల ఇళ్లలో ఈ కంగారు నేను చూడటం ఇది మొదటిసారి కాదు. భయపడి కుక్కను వీధిలో వదిలేస్తారేమోనని నా బెంగ.

లైమ్ పిడుదు కాటుతో వచ్చే జబ్బు. ఆ పేరు ఒక ఊరిది. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్, ఓల్డ్ లైమ్ అని పక్కపక్కనే ఊళ్లున్నాయి. 1975లో ఆ చుట్టుపక్కల పిల్లలకు మోకాళ్లు వాచిపోతుంటే డాక్టర్లు పిల్లల కీళ్లవాతం అన్నారు. ఒక్క చోట ఇంతమందికి అదెలా వస్తుందని పాలీ మర్రే అనే తల్లి ఊరుకోలేదు. ఎవరెవరికి ఏమేం వచ్చిందో రాసిపెట్టి ఆరోగ్యశాఖకు చెప్పింది. యేల్ విశ్వవిద్యాలయం నుంచి అలెన్ స్టీర్ వచ్చి చూస్తే మూడు ఊళ్లలో 51 మంది తేలారు, వారిలో 39 మంది పిల్లలే. ఆ తల్లి పట్టుదలే లేకపోతే ఈ రోగం ఇంకెన్నాళ్లు కీళ్లవాతం పేరుతో చలామణీ అయ్యేదో!

నిజానికి యూరప్‌కు ఇది పాత సంగతే. పిడుదు కుట్టినచోట ఎర్రటి మచ్చ రోజురోజుకీ వలయంలా పెద్దదవుతుందని స్వీడన్ చర్మవైద్యుడు ఆఫ్జేలియస్ 1909లోనే చెప్పాడు. కారణం మాత్రం 1981 దాకా దొరకలేదు. విల్లీ బర్గ్‌డార్ఫర్ వేరే జ్వరం కోసం పిడుదుల పొట్టలు కోసి చూస్తుంటే మరచుట్టులాంటి బ్యాక్టీరియా కనబడింది. దానికి ఆయన పేరే పెట్టి బొరీలియా బర్గ్‌డార్ఫెరీ అన్నారు. కుక్కల్లో ఈ రోగం 1984లో నమోదైంది.

దీన్ని మోసేది ఐక్సోడిస్ జాతి పిడుదు. పిల్లదశలో గసగసాల గింజంత ఉంటుంది. అడవి ఎలుకల రక్తం తాగి రోగాన్ని ఎక్కించుకొని, తర్వాత మనిషినో కుక్కనో కుడుతుంది. మామూలుగా ఒక రోజుకు పైగా అతుక్కొని ఉంటే తప్ప ఆ బ్యాక్టీరియా ఒంట్లోకి దిగదు. కుక్క నుంచి మనిషికి నేరుగా అంటుకోదు.

మరి బుజ్జి చెవి మడతలో, కాలివేళ్ల సందుల్లో దొరికినవేమిటి? నేనే టార్చి వేసి చూశాను. కొన్ని గోధుమరంగులో నువ్వుగింజల్లా ఉన్నాయి, రక్తం తాగి ఉబ్బినవి బూడిదరంగు చిక్కుడు గింజల్లా ఉన్నాయి. అది గోధుమరంగు కుక్క పిడుదు. పుట్టుక నుంచి చావు దాకా దానికి కుక్క రక్తమే ఆధారం. గోడ పగుళ్లలో, తలుపు సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. బెంగళూరు వాతావరణం దానికి ఏడాది పొడుగునా అనుకూలమే. అది లైమ్‌ను మోయదు. మోసేది ఎర్లీకియా అనే బ్యాక్టీరియాను, బబేసియా అనే పరాన్నజీవిని. ఇక్కడ జనం టిక్ ఫీవర్ అనేది వీటినే.

ఎర్లీకియాను మొదట 1935లో అల్జీరియాలో కుక్కల్లో గుర్తించారు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యపు కుక్కలు ముక్కుల నుంచి రక్తం కారి వరసగా చచ్చిపోయాక గానీ ప్రపంచం దాన్ని పట్టించుకోలేదు. ప్లేట్‌లెట్లు పడిపోవడం, చిగుళ్ల మీద ఎర్ర చుక్కలు, తిండి మానేయడం దాని గుర్తులు. మరి బుజ్జి కాగితంలో దాని పక్కన లైమ్ పేరు ఎందుకుందంటే, ఆ నాలుగు పరీక్షల పట్టీ అమెరికా కుక్కల అవసరం చూసి చేసింది.

లైమ్ పరీక్షలో పాజిటివ్ వచ్చినా అది యాంటీబాడీ మాత్రమే, అంటే ఆ బ్యాక్టీరియా ఎప్పుడో సోకిందనడానికి రక్తంలో ఉన్న గుర్తు. లైమ్ సోకిన కుక్కల్లో చాలావాటికి ఏ లక్షణమూ ఉండదు. కొన్ని కుంటుతాయి, కొన్నిటికి, ముఖ్యంగా లాబ్రడార్లకు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. లైమ్ ఉన్న ప్రాంతాల మనుషుల్లో ఆ వలయం మచ్చ కనిపిస్తే అదే రుజువు, రక్తపరీక్షతో పనిలేదు. మొదటి వారాల్లో పరీక్ష నెగెటివ్ రావచ్చు కూడా. మచ్చ లేనప్పుడు రెండంచెల పరీక్ష చేస్తారు. రోగం అరుదైన చోట ఒక్క పాజిటివ్‌ను నమ్మి మందులు మొదలుపెట్టకూడదు. మచ్చ దశలో మనుషులకు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 10 నుంచి 14 రోజులు సరిపోతుంది. కుక్కలకు నాలుగు వారాలు. నెలల తరబడి యాంటీబయాటిక్స్ వాడటం వల్ల మేలు జరగదని పరిశోధనల్లో తేలింది.

కర్ణాటకలో లైమ్ అసలు లేదని అనను. నాగరహొళె, బండీపుర అడవి ప్రాంతాల్లో కొందరి రక్తంలో దాని యాంటీబాడీలు కనిపించాయి. కానీ ఇక్కడ అడవి పిడుదు అనగానే నాకు ముందు గుర్తొచ్చేది 1957. శివమొగ్గ జిల్లా సొరబ తాలూకా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడ్డాయి, వెనకాలే మనుషులకు జ్వరాలు. కన్నడిగులు దాన్ని మంగన కాయిలె, అంటే కోతి జబ్బు, అంటారు. మోసేది అడవి పిడుదే. అది వైరస్ కాబట్టి డాక్సీసైక్లిన్ పనిచేయదు. వారాంతంలో మలెనాడు ట్రెక్కింగులకు వెళ్లే మన పిల్లలు తెలుసుకోవాల్సిన పేరు ఇది.

అక్కకు ఇదంతా చెప్పి, పట్టకారును చర్మానికి ఆనించి పిడుదును పట్టుకొని నిటారుగా లాగడం చూపించాను. కిరసనాయిలు పూయొద్దన్నాను, గోటితో చిదమొద్దన్నాను. బుజ్జికి డాక్టరిచ్చిన డాక్సీసైక్లిన్ మాత్ర ఎలా వేస్తున్నావక్కా అంటే పెరుగన్నంలో పెట్టి అంది. పాలు, పెరుగుతో ఆ మందు ఒంటికి సరిగా పట్టదు. ఆ రాత్రి నుంచి కోడిమాంసం ముద్దలో పెడుతోంది. నిన్న ఉదయం బుజ్జి ప్లేట్‌లెట్లు మళ్లీ చూపించడానికి ఆటోలో వెళ్తూ కనిపించారు. దాని తల చిన్నపిల్ల ఒడిలో ఉంది.