ఎనిమిది గొంతుల నడుమ

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

బృందగానంలో మిమ్మల్ని ఎప్పుడూ వెనక వరుసలోనే నిలబెడుతున్నారనీ, అక్కడ ఉండి నేర్చుకునేదేముందని మీరు విసుక్కుంటున్నారనీ మీ అమ్మ చెప్పింది. గాయకబృందంలో పాడుతూనే స్వరకర్తగా ఎదిగిన ఒక అమెరికా యువతి సంగతి అందుకే రాస్తున్నాను.

కారొలైన్ షా 1982లో నార్త్ కరోలినా రాష్ట్రంలోని గ్రీన్‌విల్‌లో పుట్టింది. రెండేళ్ళ వయసులోనే తల్లి దగ్గర వయొలిన్ పట్టింది. రైస్, యేల్ విశ్వవిద్యాలయాల్లో ఆమె పొందిన పట్టాలు రెండూ వయొలిన్‌లోనే. ప్రిన్స్‌టన్‌లో స్వరరచన పరిశోధన కోసం 2010లో చేరేనాటికి, నేను చెప్పబోయే రచన అప్పుడే మొదలైపోయింది. న్యూయార్క్‌లో పిలిచినచోటికల్లా వెళ్ళి వయొలిన్ వాయిస్తూ, ట్రినిటీ చర్చి గాయకబృందంలో పాడుతూ బతుకు నడుపుకున్న రోజులవి.

2009లో బ్రాడ్ వెల్స్ అనే నిర్వాహకుడు నలుగురు స్త్రీలతో, నలుగురు పురుషులతో ఒక బృందం కట్టి దానికి ‘రూమ్‌ఫుల్ ఆఫ్ టీత్’ అని పేరు పెట్టాడు. గది నిండా పళ్ళు అని అర్థం. నవ్వకండి, నోరు బాగా తెరిచి పాడమని మీ మాస్టారు రోజూ చెప్పేదీ అదే కదా! ఆ ఎనిమిది మందిలో కారొలైన్ ఒకతె. వేసవుల్లో వాళ్ళు మసాచుసెట్స్‌లోని నార్త్ ఆడమ్స్‌లో, పాత కర్మాగార భవనాల్లో వెలసిన మాస్‌మోకా అనే కళల మ్యూజియంలో మకాం వేసి, ఒక్క గొంతులోనే రెండు స్వరాలు పలికించే రష్యాలోని తువా ప్రాంతపు గానం, ఉత్తర ధ్రువపు ఇన్యూట్ స్త్రీలు ఊపిరితో ఆడే పాట వంటివి తెలిసినవారి దగ్గర నేర్చుకునేవారు.

ఎనిమిది గొంతుల కోసం కారొలైన్ రాసిన ‘పార్టీటా ఫర్ 8 వాయిసెస్’ అక్కడ పుట్టింది. నాలుగు భాగాలకూ పాత ఐరోపా నృత్యాల పేర్లే పెట్టింది. మొదటి భాగంలో ముందు పాటే ఉండదు. అమెరికా పల్లెల్లో జంటలను పక్కకు జరగమని, చుట్టూ తిరగమని పిలిచే నాట్యపు కేకలు ఒకదానిమీద ఒకటి పడి, గోలగా పెరిగి, ఉన్నట్టుండి ఒక్క స్వరసమ్మేళనంగా విచ్చుకుంటాయి. గోడ మీద వంద బిందువులను ఎక్కడ పెట్టాలో చెప్పే సోల్ లెవిట్ అనే అమెరికా చిత్రకారుడి చిత్రంలోని సూచనలు కూడా అందులో మాటలయ్యాయి. నిట్టూర్పులు, గుసగుసలు సైతం సంగీతమే. ఎవరి గొంతు ఎక్కడ గరుకవుతుందో, ఎవరికి ఊపిరి ఎంతసేపు ఆగుతుందో పక్కనే నిలబడి విన్న మనిషి కనుకనే అలా రాయగలిగిందని నా నమ్మకం.

అయితే అరువు తెచ్చుకున్న విద్యకు చిక్కులూ ఉంటాయి. మూడో భాగంలోని ఊపిరిపాట తమ జాతి సొత్తు కాదా అని ఇన్యూట్ గాయని తాన్యా తగాక్ 2019లో గట్టిగానే నిలదీసింది. ఆ ప్రశ్న న్యాయమైనదేనని నాకు తోస్తుంది.

అమెరికాలో పేరున్న పులిట్జర్ బహుమతి పోటీకి ఆ రచనను కారొలైన్ తానే పంపుకుంది. 2013లో, 30 ఏళ్ళకే, సంగీతంలో ఆ బహుమతి అందుకున్నవారందరిలోకీ పిన్నవయస్కురాలయింది. తమాషా ఏమిటంటే, నాలుగు భాగాలనూ ఒకే వేదిక మీద మొదలునుంచి చివరిదాకా మొదటిసారి పాడింది బహుమతి వచ్చాకనే, ఆ నవంబరులో న్యూయార్క్‌లో. అప్పుడూ ఆమె ఆ ఎనిమిది మందిలో ఒకతెగానే నిలబడి తన వంతు పాడింది.

ఇట్లు,
మీ తాతయ్య