మొహమాటం ఊళ్లోనే వదిలి రండి, బిడ్డలూ

మీ ముగ్గురికీ తాత దీవెనలు.

వచ్చే సోమవారం మీరు సూర్యాపేటలో హైదరాబాద్ బస్సెక్కుతున్నారని, హాస్టల్ ఫీజు కూడా కట్టేశారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. సంతోషం. ఫోన్లో నేను జాగ్రత్తలు మొదలుపెట్టగానే "సరే తాతా, సరే తాతా" అని పెట్టేస్తారు కాబట్టి కూర్చుని రాస్తున్నా, మీరూ కూర్చుని చదవండి. ఇరవై తొమ్మిదేళ్లు హైదరాబాద్ సిటీ బస్సుల్లో టికెట్లు కొట్టినవాణ్ని. దొంగతనాలు నా కళ్ల ముందు, మూరెడు దూరంలో జరిగాయి. కొన్ని ఆపాను. చాలావాటిని ఆపలేకపోయాను, అవే ఎక్కువ గుర్తుంటాయి.

కోఠిలో సాయంత్రం ఆరు గంటల రష్ ఎలా ఉంటుందో మీరే చూస్తారు. కాలేజీలు, ఆఫీసులు వదిలాక బస్సు ఆగీ ఆగకముందే యాభై మంది ఒక్క తలుపు మీద పడతారు. అప్పుడు చూడండి, మీ ముందున్నవాడు ఫుట్‌బోర్డు రెండో మెట్టు మీద టక్కున ఆగిపోతాడు. చిల్లర కిందపడిందంటాడు, లేదంటే "ఈ బస్సు మెహిదీపట్నం పోతుందా" అని నన్నే అడుగుతాడు. వెనకవాడు "ఎక్కండి ఎక్కండి, కదులుతోంది" అంటూ తోస్తాడు. మధ్యలో ఇరుక్కున్నది మీరు. పక్కనున్న మూడోవాడి చేతిమీద తువ్వాలో, ప్లాస్టిక్ ఫైలో ఉంటుంది, దాని కింద వాడి రెండు వేళ్లు మీ జేబులో ఉంటాయి. పర్సు బయటికి రాగానే అది నాలుగోవాడి చేతిలో పడుతుంది, ఆ నాలుగోవాడు అసలు బస్సే ఎక్కడు. మీకు అనుమానం వచ్చి మూడోవాడి చొక్కా పట్టుకుంటే, "వెతుక్కో అన్నా, నా జేబులన్నీ వెతుక్కో" అని చేతులు పైకెత్తి నిలబడతాడు. వాడి దగ్గర ఏమీ ఉండదు మరి.

ఇంకో సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాతగానీ అర్థం కాలేదు. బస్సులో ఎవరైనా "జేబుదొంగలున్నారు, జాగ్రత్త" అని అరిస్తే అందరూ ఏం చేస్తారు? ఠక్కున ఎవరి పర్సు వాళ్లు తడిమి చూసుకుంటారు. ఎవరి డబ్బు ఏ జేబులో ఉందో దొంగకు మనమే చూపించినట్టు. ఒక్కోసారి ఆ అరిచినవాడు కూడా వాళ్లలో వాడే. కాబట్టి అరుపు వినిపించాక తడుముకోవడం కాదు, ఎక్కేముందే బ్యాగు ముందుకు తిప్పి చేత్తో అదిమి పట్టుకోండి. వెనక జేబులో ఏమీ పెట్టకండి. మెట్ల మీద ఎవరైనా అడ్డం ఆగితే మీరు కిందికి దిగిపోండి, పది నిమిషాల్లో ఇంకో బస్సొస్తుంది.

ఇవన్నీ మీరు వారంలో నేర్చుకుంటారు. నేను అసలు చెప్పాలనుకున్నది వేరు.

ఒకసారి ఒక అమ్మాయి, మీ ఈడుదే, ఇంటి నుంచి తెచ్చిన ఫీజు డబ్బు పోగొట్టుకుని నా సీటు పక్కన నిలబడి ఏడ్చింది. బ్యాగును అడుగు నుంచి బ్లేడుతో కోశారు, కోత ఎంత నున్నగా ఉందంటే దర్జీ కత్తిరించినట్టుంది. "తెలియలేదా తల్లీ" అంటే ఆ పిల్ల ఏమందో తెలుసా? "తెలుస్తూనే ఉంది అంకుల్, ఎవరిదో చెయ్యి తగులుతోందని. కానీ రష్ కదా, అంటే ఏమనుకుంటారోనని ఊరుకున్నా." అప్పటి నుంచి గమనిస్తూ వచ్చాను. బ్లేడు కంటే దొంగకు ఎక్కువ పనికొచ్చేది మన మొహమాటం. చెయ్యి తగిలితే "జరగండి" అనలేం, దగ్గరికొచ్చి మాట్లాడితే ఒక అడుగు వెనక్కి వెయ్యలేం, పెద్దమనిషిలా కనపడితే "వద్దండీ" అనలేం. మన ఊళ్లో అలా అంటే పొగరనుకుంటారు, నిజమే. ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా మళ్లీ మీ మొహం చూడరు. ఆడపిల్లలు ఇంకా గట్టిగా వినండి, బస్సులో చెయ్యి తగిలించేవాడు కూడా మీ మొహమాటం మీదే బతుకుతాడు. మొదటిసారికే గట్టిగా అరవండి, కండక్టరును పిలవండి. 2014 అక్టోబరు నుంచి హైదరాబాద్‌లో ఆడవాళ్ల రక్షణ కోసం షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు తిరుగుతున్నాయి, మఫ్టీలో మీ పక్కనే ఉండొచ్చు కూడా. వాళ్లకు ఫిర్యాదు చేస్తే పరువు పోతుందని ఎవరైనా అంటే వినకండి.

అలాగని కొత్తవాళ్లందరినీ అనుమానించమని కాదు. ఈ ఊళ్లో మీకు తెలియనివాళ్ల సాయం లేకుండా ఒక్కరోజు కూడా గడవదు, దారి అడగాలి, ఆటో మాట్లాడాలి, చిల్లర అడగాలి. నేను చూసుకునేది ఒక్కటే: మీరు వెతుక్కుని వెళ్లి అడిగిన మనిషి వేరు, మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చిన మనిషి వేరు. దారి తప్పితే మెడికల్ షాపువాణ్ని అడగండి, టిఫిన్ సెంటర్ ఆవిణ్ని అడగండి, పిల్లాపాపలతో పోతున్న ఇల్లాలిని అడగండి. వాళ్లు మీకోసం అక్కడ కాసుకుని కూర్చోలేదు. కానీ తనంతట తానే వచ్చి "ఏ ఊరు తమ్ముడూ, కొత్తగా వచ్చినట్టున్నావే, చవక రూము నేను చూపిస్తా పద" అనేవాణ్ని మాత్రం నిలబెట్టి చూడండి. వాడు మంచివాడే కావచ్చు. అయినా వెళ్లకండి. సికింద్రాబాద్ స్టేషన్లో తోటి ప్రయాణికులు ఇచ్చే తినుబండారాలు తీసుకోవద్దని మైకులో ఊరికే చెప్పరు. మత్తుమందు కలిపిన బిస్కెట్టు తిని ఎక్కడో లేచినవాళ్లు నిజంగానే ఉన్నారు.

మోసాలు వంద రకాలుంటాయి, అన్నీ రాయలేను. బ్యాంకు దగ్గర "మీ డబ్బులు కింద పడ్డాయి" అని పది రూపాయల నోట్లు చూపిస్తారు, మీరు వంగి ఏరుకుంటుంటే బండి మీది సంచి మాయం. షేర్ ఆటోలో ముందే కూర్చున్న ఇద్దరు "కొంచెం జరగండి" అంటూ అటూ ఇటూ సర్దుతూనే ఉంటారు. పోలీసులమని చెప్పి ముసలివాళ్లను ఆపి, "ముందు గొడవలు జరుగుతున్నాయి, నగలు తీసి ఈ కాగితంలో చుట్టుకోండి" అంటారు, ఇంటికెళ్లి విప్పితే కంకర రాళ్లు. నిజం పోలీసు ఎవరూ రోడ్డు మీద నగలు తీయించి పొట్లం కట్టి ఇవ్వడు. ఇవన్నీ విన్నాక నాకు తెలిసిందేమిటంటే, అన్నింట్లోనూ వాళ్లు మిమ్మల్ని తొందరపెడతారు, జనంలోంచి పక్కకు తీసుకెళ్లాలని చూస్తారు, ఎవరికీ చెప్పొద్దంటారు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనపడినా అక్కణ్నుంచి కదిలిపోండి. అర్జంటుగా ఒక కాల్ చేసుకుంటానని ఫోన్ అడిగినవాడికి ఫోన్ చేతికివ్వకండి, నంబర్ చెప్పమని మీరే కొట్టి స్పీకర్లో పెట్టండి. నిజంగా అవసరం ఉన్నవాడు కాదనడు.

ఇక ఫోన్. మీ ప్రాణమంతా అందులోనే ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తా. రోడ్డు పక్కన చాటింగ్ చేస్తూ నడిచేవాళ్ల చేతుల్లోంచి బైకు మీద వచ్చి లాక్కుపోతున్నారు. ఎదురుగా వచ్చే బండ్లు కనపడే వైపున నడవండి, బ్యాగు రోడ్డు వైపు కాకుండా గోడ వైపు ఉంచుకోండి. లాగితే మాత్రం వదిలేయండి. బ్యాగును పట్టుకుని వేలాడితే బండి మిమ్మల్ని ఈడ్చుకుపోతుంది. పోయింది వస్తువు, మళ్లీ కొనుక్కుందాం.

ఇవాళే మీ ఫోన్లలో స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ కొట్టండి. పదిహేను అంకెల ఐఎంఈఐ నంబర్ వస్తుంది. దాన్ని మీ అమ్మతో ఇంట్లో క్యాలెండర్ వెనక రాయించండి, ఫోన్లోనే దాచుకుంటే ఫోన్ పోయాక ఏం లాభం? పోయిన రోజు ముందు సిమ్ బ్లాక్ చేయించాలి, ఎందుకంటే వాడు మీ సిమ్ తీసి వేరే ఫోన్లో వేసుకుంటే ఓటీపీలన్నీ వాడికే వెళ్తాయి. తర్వాత బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించాలి. పోలీసు ఫిర్యాదు కాపీ తీసుకుని సంచార్ సాథీ సైట్‌లో సీఈఐఆర్ అనే చోట ఆ ఐఎంఈఐ ఇస్తే ఫోన్ దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయకుండా ఆపేస్తారు. ఇలా ఫిర్యాదు చేసినవాళ్లకు తెలంగాణ పోలీసులు ఫోన్లు వెతికి తిరిగిచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. "ఇది మా ఏరియా కాదు" అని స్టేషన్లో అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అని మర్యాదగా గుర్తుచేయండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో అది స్పష్టంగా ఉంది, ఏ స్టేషన్లోనైనా తీసుకోవాల్సిందే. లాక్కుపోవడానికి కూడా భారతీయ న్యాయ సంహితలో 304 అని విడిగా సెక్షన్ పెట్టారు, మూడేళ్ల దాకా జైలు. పాత ఐపీసీలో దానికి వేరే సెక్షనే ఉండేది కాదు. ప్రమాదం అనిపించినప్పుడు మాత్రం సెక్షన్లు ఆలోచించకుండా అత్యవసర నంబర్ 112 కొట్టండి.

ఇప్పుడు రాసేది రాయడానికి నాకు కష్టంగానే ఉంది. 2016 సంక్రాంతి రోజు తెల్లవారుజామున మీ నాయనమ్మ వాకిట్లో ముగ్గు వేస్తుంటే ఇద్దరు కుర్రాళ్లు బండి ఆపి ఎవరిదో అడ్రసు అడిగారు. ఆవిడ ముగ్గు చిప్ప పట్టుకుని లేచి చెయ్యి చూపిస్తూ చెబుతుండగానే పుస్తెలతాడు లాగేశారు. నేను బయటికి వచ్చేసరికి తెంపగా మిగిలిన ముక్క ఆవిడ పిడికిట్లో ఉంది, మెడ చుట్టూ ఎర్రగా గీత, ముగ్గంతా చెదిరిపోయింది. అప్పుడు నేను అన్న మొదటి మాట: "పొద్దున్నే అంత బంగారం వేసుకుని బయటికి ఎందుకొచ్చావ్?" వచ్చినవాళ్లందరూ అదే అడిగారు. నొప్పి ఉందా అని మాత్రం ఎవరూ అడగలేదు.

దాని ఫలితం ఏడేళ్ల తర్వాత తెలిసింది. కరెంటు బిల్లు కట్టలేదు, రాత్రికి కనెక్షన్ తీసేస్తామని ఎవడో ఫోన్ చేసి, ఏదో యాప్ వేయించి, ఆవిడ ఖాతాలోంచి పద్దెనిమిది వేలు లాగేశాడు. పదకొండు రోజులు ఆవిడ నాకు చెప్పలేదు. అన్నం సరిగ్గా తినేది కాదు, ఫోన్ మోగితే ఉలిక్కిపడేది. చివరికి బ్యాంకు పుస్తకం చూసి నేనే అడిగితే, "మళ్లీ తిడతారేమోనని" అంది. సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి మొదటి గంటల్లో ఫోన్ చేసి ఉంటే డబ్బు దొంగ చేతికి అందేలోపే ఖాతాలో ఆపించే అవకాశం ఉండేది. పదకొండు రోజుల తర్వాత ఇంకేం మిగులుతుంది? ఆ డబ్బు పోయింది ఆవిడ అమాయకత్వం వల్లని నేను ఇప్పటికీ అనుకోను, సంక్రాంతి నాడు నేనన్న మాట వల్లే పోయింది. అందుకని మీ ముగ్గురికీ మాటిస్తున్నా. ఏం పోయినా, ఎక్కడున్నా, వెళ్లొద్దన్న చోటికే వెళ్లి ఇరుక్కున్నా సరే, రాత్రి రెండింటికైనా ఫోన్ చేయండి. "ఎందుకు వెళ్లావ్" అనే ప్రశ్న నా నోట రాదు. ఇదే మాట మీ నాన్నతో కూడా అనిపించాను.

ఇంకొకటి చెప్పాలి, ఇది జాగ్రత్త ఎక్కువైతే ఏమవుతుందో చెప్పే సంగతి. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో ఒకటే మెసేజ్‌లు. చాంద్రాయణగుట్టలో ఆ పుకారు నమ్మిన గుంపు ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపేసింది. జూలైలో మన హైదరాబాద్ కుర్రాడొకడు స్నేహితులతో కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్తే, అక్కడ బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చినందుకు జనం వాళ్లను తరిమారు, అతను ప్రాణంతో తిరిగి రాలేదు. ఆ రోజుల్లోనే నా బస్సులో చంకలో బిడ్డతో ఒక మరాఠీ ఆవిడ ఎక్కింది. బిడ్డ ఏడుస్తోంది. ఎవడో "ఆ పిల్ల నీదేనా?" అన్నాడు. ఆవిడకు తెలుగు రాదు, బెదిరిపోయి తలుపు వైపు నడిచింది. అంతే, పది గొంతులు లేచాయి, ఒకడు ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. నేను ఆవిణ్ని నా సీట్లో కూర్చోబెట్టి, ముందు నిలబడి, బస్సును దారిలోని పోలీస్ స్టేషన్ దగ్గర ఆపమని డ్రైవరుకు కేక వేశాను. దారిలోనే ఆవిడ కొంగు కప్పుకుని బిడ్డకు పాలు పట్టింది. అరిచినవాళ్లు ఒక్కొక్కరే కిటికీల వైపు తిరిగారు. అనుమానం వస్తే 112కి చెప్పండి, మీరు మాత్రం ఎవరినీ చుట్టుముట్టకండి, అలాంటి మెసేజ్ వస్తే ఇంకొకరికి పంపకండి. ఇంకా, పిల్లల మీద అఘాయిత్యాల కేసుల్లో చాలావరకు చేసినవాడు తెలిసినవాడే ఉంటాడు, బంధువో, పక్కింటివాడో, చదువు చెప్పేవాడో. కొత్త మొహాల మీదే కన్నేసి ఉంటే ఆ వైపు కనపడదు. తెలిసినవాడైనా సరే "ఇంట్లో చెప్పకు" అన్నాడంటే, ఆ రోజే ఇంట్లో చెప్పండి.

సోమవారం సంగతి. ఎంజీబీఎస్ బస్టాండు దాకా రాకండి, ఎల్బీనగర్‌లోనే దిగండి. సర్టిఫికెట్ల సంచి లగేజీలో వేయకుండా ఒడిలో పెట్టుకోండి, జిరాక్సులు ఇంకో బ్యాగులో పెట్టండి. దిగాక రోడ్డు దాటకండి, మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర ముగ్గురూ కలిసే నిలబడండి, నేను నీలం గళ్ల చొక్కా వేసుకుని వస్తా. నాకు ఆలస్యమై, ఎవరైనా వచ్చి "మీ తాత పంపించాడు, పదండి" అంటే మన ఇంటి గుర్తుమాట అడగండి. అది చెప్పలేనివాడితో, నా పేరు, మీ నాన్న పేరు, ఊరు పేరు అన్నీ చెప్పినా సరే, కదలొద్దు. ఆ మాట ఇక్కడ రాయను, ఆదివారం రాత్రి నాయనమ్మ ఫోన్ చేసి చెబుతుంది.

మీ తాత
ఉప్పల్