పంపు అలవాటైపోతుందా? ఊదించే గదిలో రోజూ వినే అపోహలు, వాటి వెనక వాస్తవాలు

నేను డాక్టర్ని కాను, ముందే చెప్పేస్తున్నా. బెంగళూరులో ఒక ఆసుపత్రి ఛాతీ విభాగంలో పీఎఫ్‌టీ టెక్నీషియన్‌ని, అంటే మీ చేత గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తులు ఎలా పనిచేస్తున్నాయో కొలిచే మనిషిని. "గట్టిగా, ఇంకా, ఇంకా, ఆపకండి" అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరవడమే నా ఉద్యోగం, ఇంటికెళ్లాక మాట్లాడే ఓపిక ఉండదు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు మనవాళ్లు ఎక్కువ కదా, తెలుగువాడినని తెలియగానే డాక్టర్ ముందు తలూపి వచ్చినవాళ్లు కూడా నా దగ్గర అసలు మాట బయటపెడతారు: "అన్నా, ఈ పంపు, అదే ఇన్‌హేలర్, నిజంగా వాడాలంటావా?"

అపోహ: ఇన్‌హేలర్ ఒకసారి మొదలుపెడితే అలవాటైపోతుంది, మాత్రలే నయం.

బిగుసుకున్న శ్వాసనాళాల్ని వదులు చేసే సాల్‌బుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములు. అదే మందు ఇన్‌హేలర్‌లో ఒక పఫ్‌కి 100 మైక్రోగ్రాములు. అంటే ఒక మాత్రలో 40 పఫ్‌ల మందు ఉంటుంది, పైగా అది పొట్టలోకి పోయి రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగి చివరికి ఊపిరితిత్తులకు చేరుతుంది, దారిలో చేతులు వణికిస్తుంది, గుండె దడ పుట్టిస్తుంది. ఆ మాత్రకి భయపడరు, పఫ్‌కి భయపడతారు! స్టెరాయిడ్ అనగానే ఇంకా టెన్షన్. పీల్చే బుడెసొనైడ్ 200 మైక్రోగ్రాములు రోజుకు రెండుసార్లు తీసుకుంటే నెలంతా కలిపి 12 మిల్లీగ్రాములు. ఆయాసం ముదిరి ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లకు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర ఒక్క రోజుకే 40 మిల్లీగ్రాములు ఇవ్వాల్సి వస్తుంది. రెండూ వేర్వేరు మందులు, గ్రాముకి గ్రాము పోల్చకూడదు, ఒప్పుకుంటా. కానీ ఆ పెద్ద మోతాదు అవసరం రాకుండా చూసేదే ఈ చిన్నది.

ఇక జీవితాంతం వాడాలా అంటారా, మూడు నెలలు ఏ ఇబ్బందీ లేకుండా గడిస్తే మోతాదు తగ్గించే ఆలోచన డాక్టర్లే చేస్తారు. బాగుంది కదా అని మనంతట మనం ఆపేస్తే మాత్రం శ్వాసనాళాల్లో వాపు మళ్లీ మెల్లగా మొదలవుతుంది.

నిజంగా భయపడాల్సింది ఇంకోచోట ఉంది. ఆస్తాలిన్, అంటే ఆ సాల్‌బుటమాల్ పంపే, కొట్టగానే నిమిషాల్లో హాయిగా ఉంటుంది, నాలుగైదు గంటలు పనిచేస్తుంది, అందుకే అందరికీ దానిమీదే ప్రేమ. స్టెరాయిడ్ ఉన్న రెండో ఇన్‌హేలర్ వాపు తగ్గించడానికి రోజులు, వారాలు తీసుకుంటుంది కాబట్టి "అది పనిచేయట్లేదన్నా" అని అల్మరాలో పడేస్తారు. ఆస్తమాకి ఇలా సాల్‌బుటమాల్ ఒక్కటే వాడుతూ పోవద్దని అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు ఇచ్చే గినా 2019లోనే తేల్చి చెప్పింది. ఒక డబ్బాలో 200 పఫ్‌లుంటాయి. అది నెలకొకటి అయిపోతోందంటే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి, మెడికల్ షాపుకి కాదు.

సరే, వాడుతున్నారు, కానీ మందు లోపలికి పోతోందా? మదనపల్లె నుంచి వచ్చిన ఒక పెద్దాయన "రోజూ రెండు బిళ్లలు మింగతానే ఉండా బాబూ, గుణం కనపళ్లా" అన్నాడు. బిళ్లలేంటా అని చూస్తే పొడి పీల్చే పరికరంలో వేసుకోవాల్సిన క్యాప్సూల్స్! రెండు నెలలుగా నీళ్లతో మింగుతున్నాడు, పరికరం పెట్టెలోంచి బయటికే రాలేదు. నవ్వకండి, ఇలాంటివాళ్లు నాకు చాలామంది తగిలారు, తప్పు వాళ్లది కాదు, చూపించనివాళ్లది. పొడి పరికరమైతే గట్టిగా, వేగంగా పీల్చాలి. నొక్కే పంపు అయితే దానికి పూర్తిగా ఉల్టా: బాగా ఊపి, ఊపిరంతా వదిలేసి, నొక్కుతూనే నెమ్మదిగా లోతుగా పీల్చి, పది సెకన్లు బిగపట్టాలి. పంపుకీ నోటికీ మధ్య స్పేసర్ అనే డబ్బా పెట్టుకుంటే గొంతులో పడి వృథా అయ్యేది తగ్గుతుంది, పిల్లలకీ పెద్దవాళ్లకీ అది తప్పనిసరి అనే నా అభిప్రాయం. స్టెరాయిడ్ పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయండి, లేకపోతే నోట్లో తెల్లటి ఫంగస్ పూత రావచ్చు.

మందుని పొగలా చేసి మాస్క్‌లోంచి పీల్పించే నెబులైజర్‌కి ఎక్కువ పవర్ అనేది కూడా అపోహే. మరీ తీవ్రం కాని ఆయాసానికి స్పేసర్‌తో పఫ్‌లు దాదాపు అంతే పనిచేస్తాయి. పొగ కనిపిస్తుంది కదా, అందుకని నమ్మకం.

చేప మందు సంగతి జూన్‌లో తప్పక అడుగుతారు, మృగశిర కార్తెకి హైదరాబాద్ రైలెక్కేవాళ్లు మన కాలనీల్లో ఇప్పటికీ ఉన్నారు. ఆస్తమా తగ్గిస్తుందనడానికి శాస్త్రీయ రుజువు లేదు. వెళ్లడం, వెళ్లకపోవడం మీ ఇష్టం, కానీ "మందు పడింది కదా" అని ఇన్‌హేలర్ ఆపి వానాకాలంలో నా గదికి రాకండి.

అపార్ట్‌మెంట్లవాళ్లకి ఒక మాట. బాల్కనీలో పావురాలకు గింజలు వేయడం పుణ్యమే అనుకుంటారు గానీ, వాటి రెట్ట, ఈకల ధూళి పడనివాళ్లకి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు రావచ్చు. ఇలా ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుల్ని కలిపి ఐఎల్‌డీ అంటారు, 2017లో వచ్చిన ఐఎల్‌డీ ఇండియా రిజిస్ట్రీలో 1084 మంది రోగుల్ని చూస్తే, ఇలా పీల్చినవి పడక వచ్చే రకమే 47 శాతం, తడి ఎయిర్ కూలర్లు కూడా అందులో పెద్ద పాత్రధారులు. నెల దాటినా వదలని పొడి దగ్గుంటే ఈ పావురాల సంగతి డాక్టర్‌కి చెప్పండి, ఆయన అడిగేదాకా ఆగొద్దు.

అపోహ: బీడీ, సిగరెట్ తాగనివాళ్లకి సీఓపీడీ (గాలిదారులు ఇరుకైపోయి ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) రాదు.

అనంతపురం దగ్గర పల్లె నుంచి కొడుకు ఫ్లాట్‌కి వచ్చిన ఒకామె గుర్తొస్తుంది. మెట్లెక్కితే ఎగపోత, "వయసుకి రాదా నాయనా" అంటుంది. గొట్టం చేతికిచ్చి ఎలా ఊదాలో చెబుతుంటే నవ్వి, "నలభై ఏండ్లు పొయ్యి ఊదినదాన్ని, నాకు నేర్పుతావా" అంది. ఊదింది. తెరమీద గీత నిటారుగా లేచి గిన్నెలా లోపలికి వంగిపోయింది. నాలుగు పఫ్‌లిచ్చి 15 నిమిషాలాగి మళ్లీ ఊదిస్తే మొదటి సెకనులో బయటికొచ్చిన గాలి, ఊదిన మొత్తంలో 70 శాతం కూడా లేదు, గాలిదారి ఇరుకైపోయిందనడానికి అదే గుర్తు. జీవితంలో బీడీ ముట్టని మనిషి, కట్టెలు, పిడకలు, ఊదుగొట్టం, కిటికీ లేని వంటిల్లు.

పోయిన ఊపిరి తిరిగి రాదుగానీ ఉన్నది నిలబెట్టుకోవచ్చు. ఇన్‌హేలర్, ఫ్లూ, న్యుమోనియా టీకాలు, నేర్పిన వ్యాయామం రోజూ చేయడం, నడక. డాక్టర్ అవన్నీ రాసిచ్చాక కొడుకు నా దగ్గరికొచ్చి, "గ్యాస్ పెట్టించి ఆరేళ్లయింది కదన్నా, ఇంకా ఎందుకు తగ్గలేదు" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే ఆమె అంది: "వంటకే గ్యాసు. స్నానానికి నీళ్లు మాత్రం కట్టెల మీదే కాస్తా."